తెలుపులన్నీ పర్యాయపదాలు కావు



అమరకోశం తెలుపుకు పదమూడు పేర్లు చెబుతుంది. శుక్లము, శుభ్రము, శ్వేతము, పాండరము, అవదాతము, సితము, ధవళము, అర్జునము ఇత్యాదులు. బడిలో పిల్లలచేత వీటిని వల్లె వేయించేటప్పుడు ఎవడో ఒకడు లేచి, "అన్నీ ఒకటేనా మాస్టారూ?" అని అడిగేవాడు. "ఒకటేరా, కూర్చో" అనేవాణ్ణి. పరీక్షలో మార్కులకు ఆ సమాధానం చాలు. చిత్రకారుడి రంగుపలకకు చాలదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ఆలస్యంగా తెలియడం వల్ల లోకానికి నష్టం లేదు. చిత్రాలను కాపాడవలసినవారికి ఇంకా తెలియకపోవడమే నష్టం. ఈ టపా వారిమీద తగవు.

తగవుకు కారణం చెబుతాను. ఆమధ్య ఒక ఊళ్ళో చిత్రప్రదర్శన చూడబోయాను. ఊరి పేరూ, శాల పేరూ అనవసరం. పడమటి కిటికీకి ఎదురుగా ఒక పెద్ద తైలవర్ణ చిత్రం వేలాడుతున్నది. సగానికి పైగా తెలుపే. సాయంత్రపు ఎండ నేరుగా దానిమీద పడుతున్నది. ఆ తెల్లని భాగంలో కొంతమేర మెరుపు పోయి, వెల్లవేసిన గోడలా వెలవెలబోయి ఉంది. నిర్వాహకుడిని పిలిచి, "అయ్యా, ఎండ తగులుతున్నది" అన్నాను. ఆయన నవ్వి, "ఎరుపో పసుపో అయితే వెలుస్తుంది గాని, తెలుపు ఇంకేమి వెలుస్తుందండీ? పైగా నూనెరంగు, రాయిలాంటిది" అన్నారు. చుట్టూ ఉన్న పెద్దలు కూడా నవ్వారు.

ఆ చిత్రానికి జరిగినది ఏమిటో నేను చెప్పలేను. వార్నిషు లోపం కావచ్చు, దుమ్ము కావచ్చు, చిత్రకారుడు కోరి అలా వేసి ఉండవచ్చు. చెప్పగలిగే పరీక్ష మాత్రం ఎవరూ చేయలేదు, చేయాలన్న తలపూ ఎవరికీ రాలేదు. నా తగవంతా అక్కడే ఉంది.

ముందు తెలుపుల సంగతి చూద్దాం. శతాబ్దాల తరబడి ఐరోపా తైలచిత్రాల తెలుపు అంటే సీసపు తెలుపు, మనవాళ్ళ సఫేదా. నూనెలో కలిపితే గట్టి పొర కడుతుంది, ఆ పొర సాగుతుంది, త్వరగా పగలదు. కాని అది విషం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో రంగుపనిలో దాని వాడకాన్ని అదుపు చేయడానికి ఒక ఒడంబడికే చేసింది. పైగా గాలిలోని గంధక వాయువులు సోకితే నల్లబడే గుణం దానికుంది. తరువాత వచ్చినది జింకు తెలుపు. 1834లో విన్సర్ అండ్ న్యూటన్ వారు నీటిరంగుగా అమ్మారు, కొన్నేళ్ళకు నూనెరంగుగా కూడా వచ్చింది. విషభయం తక్కువ, నల్లబడదు. నూనెలో మాత్రం కాలక్రమాన పెళుసెక్కుతుంది. నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బులవంటి లవణాలుగా మారి, పొరలు పగిలి ఊడిపోవడానికి దారితీస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చిన మరో తెలుపు లిథోపోన్. జింకు సల్ఫైడు, బేరియం సల్ఫేటుల మిశ్రమం. తొలినాటి లిథోపోన్ ఎండలో పెడితే నల్లబడేది. తెలుపుకు ఎండ ఏమీ చేయదన్న నిర్వాహకుడి మాటకు ఒక శతాబ్దం ముందే జవాబు ఉన్నదన్నమాట.

వీటన్నిటి తరువాత వచ్చినది టైటానియం తెలుపు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నార్వేలోనూ, అమెరికాలోనూ కర్మాగారాల్లో తయారీ మొదలైంది. 1920ల నుండి చిత్రకారుల గొట్టాల్లోకి ఎక్కింది. సీసంలా విషం కాదు, జింకులా పెళుసు కాదు. కప్పే శక్తిలో దేనికీ అందదు. కారణం దాని వక్రీభవన గుణకం. అవిసెనూనెది సుమారు 1.5, సీసపు తెలుపుది సుమారు 2.0, టైటానియం తెలుపుది 2.5 దాటుతుంది. నూనెకూ రంగుపొడికీ ఈ అంతరం ఎంత పెద్దదైతే కాంతి అంతగా చెదిరి, తెలుపు అంత గాఢంగా కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళకు ఇదే రాజవర్ణం అయింది.

ఇక్కడే మన అమరకోశం తలకిందులవుతుంది. 'టైటానియం తెలుపు' అన్న ఒక్క పేరు కింద రెండు పదార్థాలు దాగి ఉన్నాయి. రసాయన సూత్రం ఒకటే, స్ఫటికపు అమరిక వేరు. ఒకదాని పేరు అనటేజ్, రెండవదాని పేరు రూటైల్. తొలి దశాబ్దాల్లో వచ్చినదంతా అనటేజ్. వర్ణకంగా రూటైల్ 1940ల ప్రాంతంలో అంగడికి వచ్చింది. ఆ తరువాత రేణువులకు అల్యూమినా, సిలికా పూతలు పూసే పద్ధతి బలపడింది. పూత ఉన్న రూటైల్ సాధువు. పూత లేని అనటేజ్ సాధువు కాదు.

ఎందుకు కాదో నా బోటివాడికి అర్థమైన మేరకు చెబుతాను, తప్పుంటే రసాయన శాస్త్రజ్ఞులైన మిత్రులు దిద్దండి. టైటానియం డయాక్సైడు ఒక అర్ధవాహకం. అనటేజ్ రేణువు మీద సుమారు 388 నానోమీటర్ల కంటె పొట్టి తరంగాలు, అంటే అతినీలలోహిత కిరణాలు పడితే, లోపలి ఎలక్ట్రాను ఎగిరి తన స్థానంలో ఒక ఖాళీని మిగులుస్తుంది. ఆ ఎలక్ట్రానూ, ఆ ఖాళీయూ రేణువు పైభాగానికి చేరి, గాలిలోని తేమతోనూ, ప్రాణవాయువుతోనూ కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ వంటి ఉగ్రకణాలను పుట్టిస్తాయి. ఆ ఉగ్రకణాలు పక్కనున్న నూనెపొరను కొరుకుతాయి. రేణువు మాత్రం చెక్కుచెదరదు. అది ఉత్ప్రేరకం, ఎన్నిసార్లు పనిచేసినా తరగదు. కొంపకు నిప్పుపెట్టి తాను మాత్రం చల్లగా కూర్చునే రకం. నూనె తినబడిన కొద్దీ మెరుపు పోతుంది. చివరకు పట్టుకునే బంధకం లేక తెల్లపొడి పైకి తేలుతుంది.

దీన్ని చూడడానికి ప్రయోగశాలకు పోనక్కరలేదు. ఎండకూ వానకూ నిలిచిన పాత గోడరంగు మీద అరచేయి రాసి చూడండి, తెల్లగా అంటుకుంటుంది. ఆ గోడకు ఆనుకుని కూర్చుని చొక్కా పాడుచేసుకోని తెలుగువాడు ఉన్నాడా? దాన్నే రంగుల పరిశ్రమవారు సుద్దగట్టడం అంటారు. దానికి కారణాలు అనేకం ఉండవచ్చు, కాని అనటేజ్ కలిసిన బయటి రంగులకు అది తరచైన జబ్బు. పరిశ్రమవారు ఈ జబ్బును కనిపెట్టి బయటి గోడలకు పూత పూసిన రూటైల్ వాడుకున్నారు. గోడకు చూపిన ఈ శ్రద్ధను చిత్రానికి చూపడానికి మనకు తీరిక లేదు!

ఈ గుణాన్నే మరోవైపు నుండి చూస్తే వరం. 1972లో జపాను శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడు మీద కాంతి పడేటట్టు చేసి నీటిని విడగొట్టవచ్చునని ప్రకటించారు. తనను తాను శుభ్రం చేసుకునే కిటికీ అద్దాల మీద ఉండే పలుచని పొర ఇదే పదార్థం. అద్దం మీది మురికిని తినడం దాని సుగుణం. చిత్రంలోని నూనె కూడా దాని దృష్టిలో మురికే. అది దానికి తెలియదు. తెలియవలసినది మనకు.

ఇప్పుడు పరీక్ష సంగతి. హాలండు దేశంలో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తోడ్పాటుతో, బిర్గిట్ వాన్ డ్రీల్ అనే పరిశోధకురాలు ఇదే విషయం మీద ఏళ్ళతరబడి పనిచేసి 2018లో సిద్ధాంతగ్రంథం సమర్పించారు. టైటానియం తెలుపు మిత్రుడా, శత్రువా అన్నదే దాని శీర్షిక. అంతకు ముందు, 2016లో, ఆమె బృందం ఒక సులభమైన పరీక్షను ప్రకటించింది. ప్రయోగశాలలో పుట్టినదాన్ని చిత్రసంరక్షకుల పనిగదికి చేర్చాలన్నది వారి పట్టుదల. దాని సారం ఇది. నీటిలో కరిగిన ఒక అద్దకపు రంగులో కొద్దిపాటి తెల్లపొడి వేసి అతినీలలోహిత దీపం కింద పెడతారు. పొడి ఉగ్రమైనదైతే అద్దకపు రంగు త్వరగా వెలిసిపోతుంది, సాధువైతే నిలుస్తుంది. గుణం తెలిసిన పొడులను పక్కన పెట్టి పోల్చుకుంటే చాలు. పాము విషసర్పమా కాదా అని కాటు వేయించుకుని తెలుసుకోనక్కరలేదు.

పొడి తీయడానికి వీలులేనిచోట వేరే దారులున్నాయి. రామన్ వర్ణపటమాపకం అనటేజ్, రూటైల్ అన్న తేడాను పొడి తీయకుండానే చెబుతుంది. అంతకంటె సులభంగా, చీకటిగదిలో అతినీలలోహిత దీపం పట్టినా కొంత తెలుస్తుంది. జింకు తెలుపు తరచుగా పసుపుపచ్చని వెలుగు చిమ్ముతుంది, టైటానియం తెలుపు నల్లగా ఉండిపోతుంది. ఇది తుదితీర్పు కాదు, తొలి విచారణ. ఆ మాత్రం విచారణ కూడా లేకుండా చిత్రాలను ఎండకు అప్పగించడమే నేను సహించలేనిది.

ఇక ప్రతివాదుల వాదాలు. విన్నవే నాలుగు చెబుతాను.

మొదటిది: "దెబ్బతిన్న చిత్రాలు ఎక్కడ? ఏవో ఒకటి రెండు తప్ప ఎవరూ చూపలేదు." నిజమే. టైటానియం వల్ల చెడినట్టు నిర్ధారించిన చిత్రాలు తక్కువ. లోపలి వెలుతురు బయటి ఎండ కంటె ఎంతో బలహీనం, కాబట్టి జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. పైగా టైటానియం డయాక్సైడు అతినీలలోహిత కిరణాలను తానే మింగి నూనెను కాపాడే సందర్భాలూ ఉన్నాయి. మంచి పూత ఉన్న రూటైల్ చేసేది అదే. అందుకే మిత్రుడా, శత్రువా అన్న ప్రశ్న పుట్టింది. ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నప్పుడు పరీక్ష అవసరం మరింత పెరుగుతుందే గాని తగ్గదు. అడగనివాడికి రోగులు కనబడరు. మెరుపు తగ్గిన ప్రతి చిత్రానికి 'వయసు' అని చీటీ అంటించి ఊరుకుంటే, జబ్బు పేరు ఎన్నటికీ బయటపడదు.

రెండవది: "అద్దం బిగించాం కదా!" మామూలు కిటికీ అద్దం అతినీలలోహితంలో పొట్టి తరంగాలను మాత్రమే ఆపుతుంది. సుమారు 320 నుండి 400 నానోమీటర్ల వరకు ఉన్న భాగంలో చాలావరకు దాటిపోతుంది. అనటేజ్‌ను రేపేది ఆ భాగమే. ఆపాలంటే అందుకోసం చేసిన వడపోత పొరో, పలకో కావాలి. ఎల్.ఇ.డి. దీపాలలో అతినీలలోహితం బహు స్వల్పం, అది మేలు. కాని పగటి వెలుతురు ధారాళంగా వచ్చే గదిలో దీపం మార్చి లాభమేమిటి?

మూడవది: "రంగు వెలవడాన్ని కొలిచే పద్ధతులు మ్యూజియాలకు ఉన్నాయి కదా?" ఉన్నాయి. నీలి ఉన్ని కొలబద్దలు ఉన్నాయి, చుక్కంత మేర కాంతి వేసి చూసే సూక్ష్మపరీక్ష 1990ల చివరి నుండి ఉంది. అవి అడిగే ప్రశ్న "రంగు మారిందా?" అని. తెలుపు విషయంలో ఆ ప్రశ్నే తప్పు. తెలుపు తెల్లగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న నూనె పోతుంది. దారం పుచ్చిన హారంలో ముత్యాలు తళతళలాడుతూనే ఉంటాయి. ఎప్పుడు తెగుతుందో ముత్యాన్ని చూసి చెప్పలేము.

నాలుగవది, పెద్దలు గంభీరంగా అనేది: "కళను రసాయనానికి అప్పగించకండి. చిత్రం భావం, పదార్థం కాదు." ఈ మాటకు నాకు నిజంగా కోపం వస్తుంది. మన విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం రసభావాలు చెప్పింది, గోడకు పూతను సిద్ధం చేసుకోవడమూ, రంగులూ చెప్పింది. పూర్వులకు లేని ఈ అంటు మనకెక్కడిది? తాళపత్రాలకు పసుపూ నూనే పట్టించి, గుడ్డలో చుట్టి, ఎండకు దూరంగా దాచిన పండితుడు భావద్రోహి కాడు. ఆ ఆకు ఉంటేనే ఆ భావం ఉంటుందని తెలిసినవాడు.

ఇక్కడ సాహిత్యం వాళ్ళకు ఒక మాట. కావ్యం ఒక ఆకు మీద చెడితే మరొక ఆకు మీద బతుకుతుంది. సి.పి. బ్రౌను పండితులను నియమించి ప్రతులకు ప్రతులు వ్రాయించి, పాఠాలు సరిచూపించాడు. అలా మనకు ఎన్నో గ్రంథాలు దక్కాయి. చిత్రానికి ఆ భాగ్యం లేదు. దానికి ప్రతి లేదు, పాఠాంతరం లేదు, జీర్ణోద్ధరణ పేరిట పైన పూసినది ఆ చిత్రకారుడి చేయి కాదు. ఛాయాచిత్రంలో తెలుపు ఉంటుంది గాని, ఆ కుంచె వదిలిన గట్టుమీద వెలుతురు పడి జారే తీరు ఉండదు. ఆధునిక చిత్రకారుడు తెలుపునే విషయంగా తీసుకున్నప్పుడు ఆ మెరుపే వాక్యం, ఆ పొరే అర్థం.

అడగనందుకు ఫలితం ఏమిటో చూడాలంటే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం కథ ఉంది. మార్క్ రోత్కో అక్కడి భోజనశాల కోసం 1960ల తొలినాళ్ళలో పెద్ద చిత్రాలు వేశాడు. గదికి పెద్ద కిటికీలు, నిండుగా ఎండ. ఆయన వాడిన ఎరుపు వెలుగుకు నిలవని లిథాల్ ఎరుపు. చిత్రాలు వెలిసిపోయి 1979లో చీకటిగదికి చేరాయి. 2014లో వాటిమీద లెక్కగట్టిన రంగుకాంతిని ప్రసరింపజేసి, పాత వర్ణాలు కనబడేటట్టు ప్రదర్శించారు. దీపం ఆర్పితే మాయ పోతుంది. అక్కడ పోయినది ఎరుపు కాబట్టి కాంతితో నింపగలిగారు. పొడిగా రాలిపోయిన తెలుపును ఏ కాంతితో నింపుతాం?

ఇది పరాయి దేశాల గొడవ అనుకునేవారికి మన సంగతి. తిరువనంతపురంలో 1946లో స్థాపించిన ట్రావంకూర్ టైటానియం కర్మాగారం తయారుచేస్తూ వచ్చినది అనటేజ్ రకం. రూటైల్ చేసే చవర కర్మాగారం 1980లలో గాని రాలేదు. ఈ రెంటికీ మూలమైన ఇల్మనైట్ ఇసుక మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లోనూ ఉంది. ఆ నడుమ దశాబ్దాల్లో మన చిత్రకారులు ఏ గొట్టంలోని తెలుపు వాడారో, అందులో ఏది ఉన్నదో నేను ఊహించి చెప్పను. దేశవాళీదీ కావచ్చు, దిగుమతిదీ కావచ్చు. కాని పి.టి. రెడ్డి (1915–1996), కొండపల్లి శేషగిరిరావు (1924–2012) వంటివారు పనిచేసిన కాలం సరిగ్గా ఈ తెలుపుల సంధికాలం. వారి చిత్రాలున్న శాలలూ, ఇళ్ళూ ఈ ప్రశ్న అడగవలసినవే.

గొట్టం మీద చీటీ చూస్తే తెలియదా అంటారేమో. సీసానికి పి.డబ్ల్యు.1, జింకుకు పి.డబ్ల్యు.4, లిథోపోనుకు పి.డబ్ల్యు.5, టైటానియానికి పి.డబ్ల్యు.6 అని అంతర్జాతీయ సంకేతాలున్నాయి. అనటేజ్‌కూ రూటైల్‌కూ సంకేతం ఒకటే, పి.డబ్ల్యు.6! పూత సంగతి ఆ సంకేతం చెప్పనే చెప్పదు. పామునూ తాడునూ ఒకే పేరుతో పిలిచే నిఘంటువును ఏ పండితుడైనా అంగీకరిస్తాడా?

నేను చిత్రాలన్నిటినీ చీకట్లో పెట్టమనడం లేదు. చూడని చిత్రం చదవని పుస్తకం. నిజానికి పరీక్షలేని భయమే చిత్రాలను చీకట్లోకి తోస్తుంది. ఏది ప్రమాదమో తెలియనివాడు అన్నిటికీ తలుపు మూస్తాడు, లేదా అన్నిటికీ కిటికీ తెరుస్తాడు. తెలిసినవాడు సాధువైన తెలుపును నిశ్చింతగా చూపించి, ఉగ్రమైనదానికి మాత్రం వడపోత కట్టి జాగ్రత్తపడతాడు. తైలచిత్రాలకు 200 లక్సులు, అతినీలలోహితం ల్యూమెనుకు 75 మైక్రోవాట్లకు మించకుండా అన్న లెక్కలు మ్యూజియాల లోకంలో ఏనాటి నుండో ఉన్నవే.

కాబట్టి అడిగేది ఇంతే. కిటికీలకు ముందు వడపోత పొర అంటించండి, అది ఏ పరీక్ష కోసమూ ఆగనక్కరలేదు. చిత్రం సేకరించిన నాడే ఏ తెలుపో కనిపెట్టి చిట్టాలో వ్రాయండి. చిత్రకారుడు బతికి ఉంటే ఆయన్ను అడగండి. పోయి ఉంటే, ఇంటివారు పాత రంగుగొట్టాలను పారవేయకముందే వెళ్ళి అడిగి తెచ్చుకోండి. చిత్రాన్ని ముట్టుకోకుండా పరీక్షించడానికి ఆ ఎండిన గొట్టానికి మించిన సాక్షి లేదు. మన విశ్వవిద్యాలయాల రసాయన శాఖలకు ఇది గొప్ప ఖర్చు కాదు. మంచి విద్యార్థికి మంచి పని.

నా పాత శిష్యులెవరైనా ఈ పుట చూస్తే ఒక సవరణ గమనించగలరు. అన్నీ ఒకటేనా అని ఆనాడు లేచి అడిగినవాడా, నాయనా, నువ్వు సరిగానే అడిగావు. నిన్ను కూర్చోబెట్టినందుకు మన్నించు. నిఘంటువులో అవి ఒకటే. గోడమీద వేలాడుతున్న చిత్రంలో మాత్రం ఒకటి కాపాడుతుంది, ఒకటి కాలుస్తుంది. ఏది ఏదో అడిగి తెలుసుకోవాలి.